చెవుడు గలవారితో సంభాషణ

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలలో చెవుడు గల వృద్ధులు "ఏమన్నవు బిడ్డా?" అని మరల అడిగినచో, ఇంటివారు "ఏం లేదు తియ్" అని త్రోసివేయుట పరిపాటి. ఇది తగదు.

సుశ్రుతాచార్యులు చెప్పిన 28 కర్ణరోగములలో బాధిర్యము ఒకటి. గుబిలి పేరుకొనుట వలన కలిగిన చెవుడు దానిని వైద్యునిచే తీయించిన తగ్గును. ముదిమి చెవుడు తైలములకు లొంగదు. వినికిడి యంత్రము అవసరము కావచ్చును. అందు అచ్చులు వినబడినను స, త, ప వంటి హల్లులు జారిపోవును. 'పప్పు' అన్నది 'తప్పు'గా తోచును. కావున అరచిన ప్రయోజనము లేదు. వెలుతురులో ఎదుట కూర్చుండి, పెదవులు కనబడునట్లు నిదానముగా పలుకవలెను.

ముంబయి, పుణెలకు వలసపోయిన బిడ్డల మాట ఫోనులో వచ్చినపుడు పెదవులు కానరావు. ఆ క్షేమసమాచారమును ఇంటనున్నవారు ఎదుట కూర్చుండి తిరిగి చెప్పవలెను. రెండవమారు చెప్పుటకు విసుగుకొనరాదు.