వైద్యవిద్య - వెల, పేరు

నీట్ ఫలితములు వెలువడినంతనే తెలుగునాట వేలకొలది యిండ్లలో ఒకే విచారము మొదలగుచున్నది. బిడ్డను ఏ వైద్యకళాశాలలో చేర్పింపవలయును? పేరుమ్రోగిన ప్రభుత్వ కళాశాలలో చోటు దొరకినవారికి చింతలేదు. దొరకనివారి యెదుట ముఖ్యముగా మూడు దారులున్నవి: జిల్లాలో క్రొత్తగా వెలసిన ప్రభుత్వ కళాశాల, ప్రైవేటు కళాశాలలో యాజమాన్యపు కోటా సీటు, లేక విదేశయానము. మొదటిదానికి పేరులేదని జంకి, పొలము తెగనమ్మియైనను తక్కిన రెండింటిలో నొకదానిని పట్టుకొనువారు పెక్కురు. ఈ జంకు నిర్హేతుకమని మా యభిప్రాయము.

కళాశాలకు పేరు దేనివలన వచ్చును? విశాఖపట్టణమున ఆంధ్ర వైద్యకళాశాల 1923లో ఏర్పడెను. ఉస్మానియా కళాశాలకు మూలమైన వైద్యపాఠశాల 1846లో హైదరాబాదున వెలసెను. వీనికి ప్రతిష్ఠ తెచ్చినది కింగ్ జార్జి ఆసుపత్రిలోను, ఉస్మానియా ఆసుపత్రిలోను మంచములు నిండియుండు రోగిజనమే. జ్వరమును, పాముకాటును, కష్టప్రసవమును కన్నులార చూచి, పెద్దలకడ నిలిచి చికిత్స నేర్చిన విద్యార్థియే వైద్యుడగును. రోగులు రాని పాలరాతిమేడలో ఆ విద్య దొరకదు. కావున కళాశాలను చూడబోవు తండ్రి ముందుగా ఓపీ వరుసను చూడవలయును; పిమ్మట ఆచార్యులెందరున్నారో విచారింపవలయును.

ఇక పట్టము మాట. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయమునకును, తెలంగాణములో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయమునకును అనుబంధములైన కళాశాలలలో, ఆయా విశ్వవిద్యాలయము పెట్టు పరీక్షయే అందరికిని పరీక్ష, అది యిచ్చు పట్టమే అందరికిని పట్టము. చెల్లించిన రుసుమును పట్టముపై వ్రాయరు.

విదేశవిద్య చౌకయని తలచువారు లెక్కను తుదివరకు వేయవలయును. 2021 నాటి నిబంధనల ప్రకారము అచ్చట 54 మాసముల చదువును, 12 మాసముల ఇంటర్నుషిప్పును ముగింపవలయును. తిరిగివచ్చి అర్హతాపరీక్షలో 300కు 150 మార్కులైనను తెచ్చుకొని, ఇచ్చట మరియొక యేడు ఇంటర్నుషిప్పు చేయవలయును. 2022లో ఉక్రెయిన్ యుద్ధము వేలకొలది మన విద్యార్థుల చదువును నడుమనే త్రెంచిన సంగతియు మరువరాదు.

పట్టమే ప్రతిభకు కొలత యనువారు యెల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింతురుగాక! మద్రాసు వైద్యకళాశాలలో ఆయనకు లభించినది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటె తక్కువదిగా నెంచబడిన ఎల్.ఎం.ఎస్. పట్టము. ఆయన ఖద్దరు ధరించుట ఆచార్యునకు కంటగింపయ్యెనని చెప్పుదురు. అమెరికాలో ఆయన నడిపిన పరిశోధనల ఫలముగా ఆరియోమైసిను, మెథోట్రెక్సేటు వంటి మందులు లోకమునకు లభించినవి.

అన్నింటికంటె ముఖ్యమైన దొకటి గలదు. అప్పుతో చదివిన వైద్యుడు ఎంత సజ్జనుడైనను, వడ్డీ తరుముచుండగా పల్లెకు పోజాలడు. పట్టణమునకు పోవును, అచ్చట ఫీజు పెంచును. తండ్రి చేసిన అప్పును తుదకు తీర్చువాడు రోగియే. పొలము పోగొట్టుకొన్న గ్రామమే వైద్యునిగూడ పోగొట్టుకొనుచున్నది.

కావున తలిదండ్రులారా! రోగులును, ఆచార్యులును గలచోట, తక్కువ వెలకు దొరకు సీటును చులకన చేయకుడు. ప్రైవేటు కళాశాలలోనైనను కన్వీనరు కోటాలో అట్టి సీటు దొరకినచో స్వీకరింపుడు. ప్రభుత్వములకును మా మనవి యొకటి: క్రొత్త కళాశాలకు నామఫలకము కట్టినంతమాత్రమున కర్తవ్యము తీరదు. ఆచార్యులను, పరికరములను సమకూర్పుడు. అప్పుడు ప్రజల జంకు తనంతట తానే తొలగును.