టెండర్‌లో ఓడేది రేటు దగ్గర కాదు

2021లో కూకట్‌పల్లిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెవలపర్‌గా చేరాను. మొత్తం పదకొండు మందిమి. మూడో నెలలో మా బాస్ పిలిచి, "నువ్వు మెయిల్స్ బాగా రాస్తావ్ కదా, రేపట్నుంచి టెండర్లు చూడు" అన్నారు. అంతే. కోడ్ రాద్దామని వెళ్లినవాణ్ణి కాగితాలు స్కాన్ చేస్తూ కూర్చున్నా.

అప్పటిదాకా గవర్నమెంట్ సాఫ్ట్‌వేర్ అంటే పెద్దవాళ్ల వ్యవహారం అనుకునేవాణ్ణి. పాస్‌పోర్ట్ సేవ టీసీఎస్ చేసింది, జీఎస్టీ పోర్టల్ ఇన్ఫోసిస్ చేసింది, మనకేముంటుంది అని. కానీ హాస్టల్ అటెండెన్స్ యాప్, మ్యూజియం టికెట్ల సైట్, ఏదో కార్పొరేషన్‌కి ఫైళ్ల ట్రాకింగ్... ఇవన్నీ ఎవరో ఒకరు చేయాల్సిందే కదా.

ఇవి ఎక్కడ దొరుకుతాయి? రహస్యం ఏమీ లేదు. కేంద్రానివి 2016లో వచ్చిన జెమ్ పోర్టల్‌లో, సెంట్రల్ ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో ఉంటాయి. రాష్ట్రాలకి ఎవరి పోర్టల్ వాళ్లకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అయితే 2003లోనే టెండర్లని ఆన్‌లైన్‌లోకి తెచ్చింది. చిక్కల్లా వెతకడంలోనే. మీరు 'సాఫ్ట్‌వేర్' అని కొడితే సగం కనపడవు. ఒకచోట 'కంప్యూటరీకరణ' అని ఉంటుంది, ఇంకోచోట 'సిస్టమ్ ఇంటిగ్రేటర్ ఎంపిక' అని, మరోచోట ఉత్త 'ఏజెన్సీ ఎంపిక' అని. రోజూ పొద్దున్నే టీ తాగుతూ ఇలాంటి పదాలు ఓ ఇరవై కొట్టి చూసేవాణ్ణి.

టెండర్ దొరికాక అందరూ చేసే తప్పే నేనూ చేశా. ముందు ఏం కట్టాలో చదివి, 'ఇది మనం రెండు నెలల్లో చేసేయొచ్చు' అని ఎగిరి గంతేశా. బాస్ నవ్వి, "వెనక నుంచి చదువు" అన్నారు. ముందు తేదీలు, తర్వాత అర్హతలు, ఆ తర్వాత డబ్బులు ఎప్పుడిస్తారు అన్నది. పని ఏమిటనేది ఆఖర్న.

ఆ అర్హతల పేజీ దగ్గరే చిన్న కంపెనీలు ఆగిపోతాయి. మూడేళ్ల టర్నోవర్ ఇంత ఉండాలి, ఫలానా సర్టిఫికెట్ ఉండాలి, ఇలాంటి పనే ముందు చేసి ఉండాలి. అంచనా విలువలో 80 శాతం ఉన్న పని ఒకటి, లేదా 50 శాతంవి రెండు, లేదా 40 శాతంవి మూడు అన్నది తరచూ కనిపించే లెక్క. మొదటిసారి వేసేవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టే. కేంద్రం గుర్తించిన స్టార్టప్‌లకి టర్నోవర్, అనుభవం విషయంలో సడలింపు ఇవ్వొచ్చని రూల్స్‌లో ఉంది. వాళ్లకీ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థలకీ ధరావతు మినహాయింపూ ఉంది. మామూలుగా ధరావతు విలువలో 2 నుంచి 5 శాతం. అంటే 2 కోట్ల పనికి కనీసం 4 లక్షలు. మాకది అందరి జీతాల్లో పెద్ద ముక్క. అయితే ఇవి కేంద్రం రూల్స్. రాష్ట్రాల్లో వేరుగా ఉండొచ్చు. టెండర్ కాగితంలో ఏం రాసుంటే అదే.

కొన్ని టెండర్లు చదువుతుంటే అది ఎవరి కొలతలకి కుట్టిన చొక్కానో తెలిసిపోతుంది. అన్నీ అలా ఉండవు. చాలాసార్లు ఆఫీసువాళ్లు పాత టెండర్‌లోంచి కాపీ కొట్టి ఉంటారు, అంతే. ఏదైనా సరే, అడగడానికి ఒక టైమ్ ఉంది. ప్రీ-బిడ్ మీటింగ్ అంటారు. ఆ తేదీలోపు ప్రశ్నలు రాసి పంపితే జవాబు అందరికీ కనపడేలా పెడతారు. ఒక శాఖ టెండర్‌లో 'ప్రభుత్వంలోనే మూడు పనులు చేసి ఉండాలి' అని ఉంది. 'ప్రైవేట్ ఆసుపత్రులకి చేసినవి ఎందుకు లెక్కలోకి రావు?' అని రెండు లైన్లు రాశా. వారం తర్వాత సవరణ నోటీసు వచ్చింది, ప్రైవేట్ పనులూ ఓకే అని. ఆ రోజు ఆఫీసులో బిర్యానీ.

రేటు గురించి ఒక్క మాట. తక్కువ వేసినవాడికే పని అనుకుంటాం. సాఫ్ట్‌వేర్‌లో అన్నిసార్లూ అలా కాదు. టెక్నికల్ మార్కులకి 70, రేటుకి 30 వెయిటేజీ ఉందనుకోండి. ఒకరికి టెక్నికల్‌లో 90 మార్కులు, కోటి కోట్ చేశారు. రెండోవాళ్లకి 75, 80 లక్షలే. మొదటివాళ్లకి 63 ప్లస్ 24, మొత్తం 87. రెండోవాళ్లకి 52.5 ప్లస్ 30, మొత్తం 82.5. ఇరవై లక్షలు ఎక్కువ అడిగినవాళ్లే గెలిచారు.

ఆ లెక్క వేసుకునే మేం మంచి మార్కులొస్తాయని ధీమాగా ఉన్నాం. ఎంత ధీమా అంటే, 'ప్రాజెక్ట్ వస్తోందిరా, వచ్చెయ్' అని నా రూమ్మేట్‌ని పాత ఉద్యోగం మాన్పించి మరీ మా కంపెనీలో చేర్పించా. రెండువందల పేజీలు అప్‌లోడ్ చేశాం. టెక్నికల్ కవర్ తెరిచారు. మేం అవుట్. ఆడిటర్ ఇచ్చిన టర్నోవర్ సర్టిఫికెట్ మీద యూడిన్ లేదు. సీఏలు ప్రతి సర్టిఫికెట్‌కీ తీయాల్సిన పద్దెనిమిది అంకెల నంబర్ అది. తప్పనిసరి అని టెండర్‌లో 41వ పేజీలో ఉంది. నేనే చూడలేదు. తగ్గిన కాగితం వాళ్లు అడిగి తెప్పించుకోవచ్చు, కానీ అడిగి తీరాలని లేదు. టెక్నికల్‌లో పోయినవాళ్ల రేటు కవర్ తెరవరు. మూడు రాత్రులు కూర్చుని వేసిన లెక్క ఎవరూ చూడనే లేదు.

బాస్ నన్నేమీ అనలేదు. రెండు నెలలు చూసి, పని లేక రూమ్మేట్‌ని పంపించేశారు. వాడూ ఏమీ అనలేదు, అదే ఇంకా కష్టంగా ఉండేది. ఆ నెల రూమ్ అద్దె మొత్తం నేనే కట్టా. వాడొద్దన్నాడు, నేను వినలేదు.

తర్వాతి ఏడాది చిన్న పని ఒకటి గెలిచాం. డబ్బులు ఆలస్యమయ్యాయి. చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చట్టంలోనే ఉంది, ఆలస్యమైతే వడ్డీతో సహా అడగొచ్చు. మా బాస్ అడగలేదు. మళ్లీ అదే ఆఫీసులో టెండర్ వేయాలి కదా అన్నారు.

రూమ్మేట్ ఇప్పుడు పెద్ద కంపెనీలో ఉన్నాడు, టెండర్ల టీమ్‌లోనే. అప్పుడప్పుడు రాత్రి పదింటికి ఫోన్ చేస్తాడు. హలో అనడు.

"యూడిన్ చూశావా?" అంటాడు.