వెలగిరి శిల్పి సిద్ధార్థుడు

శిల్పి పేరొకటి చెప్పుమనిన మన విద్యార్థి వెంటనే మైకెలాంజిలో అనును. మంచిదే. కాని జగ్గయ్యపేట, నందిగామ బడులలోని బాలుడు సైతము ఆ పేరుతోనే ఆగిపోవుట విచారింపదగిన విషయము. జగ్గయ్యపేట చెంత ధనబోడు అను గుట్టమీది స్తూపమున ఒక శిల్పి తన పేరును, తన యింటివారందరి పేర్లను రాతిపై వ్రాయించెను.

అతడు సిద్ధార్థుడు. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరమున, అనగా క్రీస్తు శకము మూడవ శతాబ్దిలో, వెలగిరి మహాచైత్యము తూర్పు ద్వారమున ఐదు ఆయక స్తంభములను నిలిపెను. వెలగిరి ఆనాటి పేరు. బేతవోలు తరువాతిది, వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి పేర వెలయించిన జగ్గయ్యపేట ఇంకను తరువాతిది.

ప్రాకృత శాసనము సిద్ధార్థుని 'ఆవేసని' అనుచున్నది. ఆవేశనమనగా పనివారి శాల. దానికి పెద్ద ఆవేసని. సాంచీ దక్షిణ తోరణముపై ఆనందుడను వానికిని ఇదే బిరుదు కలదు. అయితే ఆనందుడు శాతకర్ణి రాజుగారి ఆవేసని. సిద్ధార్థుడన్ననో కమ్మకరాష్ట్రపు ఆవేసనియైన నాగచంద్రుని కొడుకు. రాజు పేరు అతనికి కాలము తెలుపుటకు మాత్రమే పనికివచ్చినది.

తల్లి నాగిలను ముందుంచుకొని ఈ దానము చేయుచున్నానని అతడు చెప్పుకొనెను. పిమ్మట భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక. సోదరుడు బుధినాకుడు, అతని భార్య కనిక, వారి బిడ్డలు నాగసిరి, చందసిరి, సిద్ధత్థనిక. తాత నాగచంద్రుని పేరు రెండుగా విడివడి ఇద్దరు మనుమలకు పంచబడినట్లున్నది. తాత పేరు మనుమనికి పెట్టుకొను తెలుగింటివారికి దీనిని విడమరచి చెప్ప నక్కరలేదు. సిద్ధత్థనిక పేరులో సిద్ధార్థుడే వినబడుచున్నాడు.

మైకెలాంజిలో తన శిల్పములలో 'పియెటా' ఒక్కదానిపైననే పేరు చెక్కుకొనెను. అది చెక్కిన చేతి గర్వము. సిద్ధార్థుడు 'చెక్కితిని' అనలేదు. సర్వ సత్త్వముల హితసుఖములకై తన దానముగా నిలిపితిననెను. భారతీయ శిల్పి రాజాజ్ఞకు లోబడి పేరులేక బ్రదికినవాడని తరగతులలో చెప్పు పాఠమునకు ఇంతకంటె సూటియైన సమాధానము అరుదు. ఇచ్చట పనివాడే దాత.

ఈ స్తూపమునుండియే వెలువడిన చక్రవర్తి ఫలకము ప్రపంచ ప్రసిద్ధము. చెన్నై ఎగ్మూరు మ్యూజియములో నున్నది. సిద్ధార్థునికి శతాబ్దముల ముందటిది. సన్నగా, పొడవుగా నిలిచిన మాంధాత చేయి పైకెత్తగా మేఘములనుండి నాణెములు కురియుచుండును. చుట్టును చక్రము, ఏనుగు, గుఱ్ఱము మొదలగు సప్తరత్నములు. శిల్పము లోతులేని చెక్కడము, అయినను రాజు కదలబోవునట్లే యుండును. ఆ చేయి ఎవరిదో పేరులేదు. 1882లో బర్జెస్ త్రవ్వించునాటికే ఊరివారు ఇటుకలను, రాళ్లను చాలవరకు తరలించియుండిరి.

ఫలకమునకు పాఠ్యపుస్తకములలో చోటు దొరకుచున్నది, శాసనమునకు దొరకుటలేదు. ఎన్టీఆర్ జిల్లా మెట్టసీమ ఉపాధ్యాయులు ప్రభుత్వ గ్రంథములకై కాచుకొన నక్కరలేదు. శాసనము కొలది పంక్తులు మాత్రమే. నాగచంద్రునితో మొదలిడి నల్లబల్లమీద ఆ వంశవృక్షము వ్రాయుటకు పది నిమిషములు చాలును. ఆ మీద పిల్లలను ధనబోడునకు నడిపించి తూర్పు ద్వారము ఏ వైపునుండెనో చూపవలెను.