నోరు కట్టిన తుపాకి

సైలెన్సరు అంటే మనలో తెలియనివారు లేరు. మోటారు సైకిలు పక్కన వేడెక్కి, ఆదమరిస్తే కాలు కాల్చే గొట్టం. అది ఊడిన బండి వీధిలోకి వచ్చిందంటే ఉయ్యాలలో పిల్ల ఉలిక్కిపడి లేస్తుంది, అరుగు మీద ముసలమ్మ శాపనార్థాలు పెడుతుంది. ఆ గొట్టానికి అమెరికాలో ఒక తోబుట్టువు ఉన్నది. అది తుపాకి మూతికి తగిలించేది. పేరూ ఒకటే, పనీ ఒకటే. ఎగదన్నుకుని వచ్చే వేడి వాయువును ఒక్కసారిగా వదలకుండా లోపలి అరల్లో తిప్పి, చల్లార్చి, నెమ్మదిగా బయటికి సాగనంపడం. తేడా అల్లా ఒక్కటే. మొదటిది తీసేస్తే పోలీసువాడు పట్టుకుంటాడు. రెండవది అనుమతి లేకుండా తగిలిస్తే పట్టుకుంటాడు.

ఈ రెండవదాన్ని జనానికి అమ్మిన మొదటి మనిషి హైరం పెర్సీ మాగ్జిం. ఆయన తండ్రి హైరం స్టీవెన్స్ మాగ్జిం 1884లో మరతుపాకి కనిపెట్టిన ఘనుడు. జీవితమంతా ఆ మోత వినీ వినీ తండ్రికి చెవులు పోయాయి. కొడుకు 1909లో ఆ మోత తగ్గించే గొట్టానికి పేటెంటు పుచ్చుకున్నాడు. తండ్రి నోరిస్తే కొడుకు నోరు కట్టాడన్నమాట! మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ కూడా తన వించెస్టర్ తుపాకికి దీన్ని తగిలించుకున్నాడు. ఇరుగుపొరుగుల నిద్ర చెడకుండా కాల్చుకోవడానికే ఆ ఏర్పాటని చెబుతారు.

ఆ వించెస్టరు ఎటువంటిదో కౌబాయి సినిమాలు చూసినవారికి చెప్పనక్కరలేదు. 1971లో కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు'తో ఆ గుర్రాలూ ఆ టోపీలూ మన తెర మీదికీ వచ్చాయి. హాలీవుడ్ వీరుడు చేతి కింద ఉన్న ఇనుప కడియంలాంటి మీటను చటుక్కున కిందికి తోసి పైకి లాగుతాడు. తోసినప్పుడు ఖాళీ డొప్ప ఎగిరిపోతుంది. లాగినప్పుడు కొత్త తూటా లోపలికి పోతుంది. దీన్నే లివర్ యాక్షన్ అంటారు. మనం మీట తుపాకి అనుకుందాం. 1860లో టైలర్ హెన్రీ అనే పనివాడు దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఒక్కొక్క గుండూ కూరి కాల్చే ఆ రోజుల్లో దానిలో పదహారు తూటాలు పట్టేవి. అతనికి యజమాని ఆలివర్ వించెస్టర్. ఈయన అంతకు ముందు చొక్కాలు కుట్టించి అమ్మిన వర్తకుడు! తరవాత జాన్ బ్రౌనింగు రూపొందించిన 1894 మోడలు ఒక్కటే డెబ్బయి లక్షలకు పైగా అమ్ముడయింది.

ఇంత పాత సరుకును అక్కడి కులాసా కాల్పరులు ఇప్పుడు మళ్ళీ ముద్దు చేస్తున్నారు. యుద్ధానికీ కాదు, వేటకూ కాదు. ఆదివారం పూట కాగితం మీది గురినో ఇనుప పళ్ళాన్నో కొట్టి సంతోషపడేవారు వీరు. వీరి ముచ్చట రెండు మాటల్లో చెప్పవచ్చు: గొట్టం పొట్టిగా ఉండాలి, చప్పుడు తగ్గాలి. ఈ రెంటికీ లంకె ఉన్నది. మూతికి సైలెన్సరు తగిలిస్తే తుపాకి మరి ఆరేడు అంగుళాలు పొడుగవుతుంది. ఇరవై అంగుళాల గొట్టానికి అది కూడా తోడయితే ముంగొగ్గు బరువెక్కి, పొయ్యి ఊదే గొట్టానికి రోకలి కట్టినట్టుంటుంది. అందుకని ముందు గొట్టాన్ని కురచ చేసుకుంటారు.

చప్పుడు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తుపాకి మోత ఒకటి కాదు, రెండు. మొదటిది మూతి దగ్గర వాయువు పేలే చప్పుడు. రెండవది గుండు ధ్వనిని మించిన వేగంతో గాలిని చీల్చే ఛెళ్ళుమనే చప్పుడు. ధ్వని వేగం సెకనుకు సుమారు 1,100 అడుగులు. సైలెన్సరు మొదటిదాన్నే తగ్గిస్తుంది. రెండవదానితో దానికి సంబంధం లేదు. రెండూ తగ్గాలంటే గుండు ధ్వని కంటే నిదానంగా పోవాలి. తనంత తాను తూటా మార్చుకునే తుపాకుల్లో ఇక్కడే చిక్కు. మందు బలం తగ్గితే చాలా వాటిలో యంత్రం మధ్యలో నిలిచిపోతుంది. మీట తుపాకికి ఆ బెడద లేదు, దాన్ని నడిపేది మనిషి చెయ్యి గనక. .38 స్పెషల్, .45 కోల్ట్ వంటి పాతకాలపు పిస్తోలు తూటాల్లో నిదానపు రకాలు దీనికి చక్కగా నప్పుతాయి. పైగా కాల్చిన క్షణంలో తుపాకి వెనక భాగం మూసుకునే ఉంటుంది గాబట్టి పక్కనుంచి చప్పుడు తప్పించుకుపోదు. నూట అరవై ఏళ్ళు దాటిన ముసలి యంత్రం కుర్రవాటి కంటే మెత్తగా మాట్లాడడానికి కారణం ఇదీ.

అయితే ఇది వట్టి ముచ్చటే కాదు, చట్టంతో వ్యవహారం కూడా. మద్యనిషేధపు రోజుల్లో దొంగసారా ముఠాలు వీధుల్లో కాల్చుకున్నాయి. ఆ భయంతో 1934లో అమెరికా ప్రభుత్వం జాతీయ తుపాకుల చట్టం చేసింది. మరతుపాకులకూ, పొట్టి తుపాకులకూ, సైలెన్సర్లకూ రిజిస్ట్రేషను, బదిలీకి 200 డాలర్ల పన్ను. ఆనాడు మంచి రైఫిలు కూడా అంత ఖరీదు చెయ్యదు. ఇందులో ఒక తమాషా ఉన్నది. మొదటి ముసాయిదాలో పిస్తోళ్ళు కూడా ఉన్నాయి. రైఫిలు గొట్టం కోసి పిస్తోలులా దాచుకుంటారేమోనని పొట్టి తుపాకుల నియమం చేర్చారు. తరవాత పిస్తోళ్ళను జాబితా నుంచి తీసివేశారు. ఈ నియమం మాత్రం ఉండిపోయింది. కోట కట్టడం మానేసి కందకం మిగుల్చుకున్నట్టయింది. రైఫిలు గొట్టం మొదట 18 అంగుళాలకు తగ్గకూడదన్నారు. 1960లో 16 చేశారు. రెండు అంగుళాల మేర నేరం ఒక్క కలంపోటుతో నిర్దోషమయింది!

తర్కశాస్త్రంలో లక్షణం చెప్పేటప్పుడు అవ్యాప్తి, అతివ్యాప్తి అనే దోషాలు తగలకూడదంటారు. ఈ చట్టంలో ఆ రెండూ చూడవచ్చు. 1958లో మొదలయిన ఒక టెలివిజను కథలో స్టీవ్ మెక్వీన్ వించెస్టరును ముందూ వెనకా కోయించి నడుముకు కట్టుకున్నాడు. దానికి 'మేర్స్ లెగ్', అనగా గుర్రపు కాలు, అని పేరు. ఇప్పుడు అదే రూపంలో కంపెనీలు పన్నెండు పదమూడు అంగుళాల గొట్టంతో తయారు చేసి బజారులో అమ్ముతున్నాయి. పుట్టుకతోనే మడమ లేని పిస్తోలుగా పుట్టింది గనక దానికి ఆ చట్టం అంటదు. అదే కొలతకు ఇంట్లో ఉన్న రైఫిలును అనుమతి లేకుండా కోసుకుంటే మాత్రం జైలు. వస్తువు ఒకటే, పుట్టుకను బట్టి పాపపుణ్యాలు!

2025 జూలై 4న సంతకమయిన చట్టంతో, 2026 జనవరి 1 నుంచి పొట్టి తుపాకుల మీదా సైలెన్సర్ల మీదా ఆ 200 డాలర్లు సున్న అయింది. రిజిస్ట్రేషను నియమం మాత్రం చట్టంలో అలాగే ఉన్నది. రాష్ట్రాల చట్టాలు వేరు. మనవాళ్ళు వేలాదిగా కాపురాలున్న కాలిఫోర్నియా, న్యూయార్కు, న్యూజెర్సీలు సైలెన్సరును మామూలు పౌరుడికి అసలే ఒప్పవు.

దీన్ని గురించి వాదం అక్కడ ఇంకా తెగలేదు. చప్పుడు వినబడకపోతే హంతకుడికి సాయమని ఒకరు. చెవులు దక్కుతాయని ఒకరు. రెండవవారి మాటలో ఒక నిజం కాదనలేం. 140 డెసిబెల్సు దాటిన చప్పుడు ఒక్కసారి విన్నా చెవికి తీరని హాని కలగవచ్చు. రైఫిలు మోత 160 దాటుతుంది. సైలెన్సరు అందులో ఇరవయ్యో ముప్పయ్యో తగ్గిస్తుంది. అంటే సినిమాలో వినిపించే పిల్లికూత కాదు, అప్పటికీ పెద్ద చప్పుడే. మొదటివారి మాటా కొట్టివేయదగ్గది కాదు. మోత అనేది పక్కవాడికి హెచ్చరిక కూడాను. అందుకే పన్ను పోయినా పేరు రాయించుకోమనడంలో అన్యాయం నాకు కనబడదు. కొలబద్దతో అంగుళాలు కొలవడం కంటే ఎవరి చేతిలో ఉన్నదో తెలుసుకోవడం మేలు కదా.

ఇది పరాయిదేశపు గొడవ, మనకెందుకు అనేవారికి ఒక మాట. మన పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ ఆ దేశంలోనే ఉన్నారు. సెలవునాడు స్నేహితులు సరదాగా తుపాకుల మైదానానికి రమ్మంటారు. విద్యార్థి వీసా మీదా, హెచ్-1బి వీసా మీదా ఉన్నవారు తుపాకి గాని తూటా గాని చేతపట్టడం సాధారణంగా అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. అవి తమకు వర్తిస్తాయో లేదో ముందే విచారించుకోవాలి. పక్కవాడు కాలుస్తున్నాడు గదా అని అందుకుంటే, సరదా కాస్తా వీసాకి ఎసరు తెస్తుంది. చట్టం అడ్డులేనివారు కూడా సైలెన్సరు ఉన్నది గదా అని చెవులకు రక్షణ మానకూడదు. పోయిన చెవులను ఏ రిజిస్ట్రేషనూ తిరిగి ఇప్పించదు. వచ్చే ఆదివారం అబ్బాయి ఫోను చేసినప్పుడు, తిన్నావా అని అడిగిన తరవాత, ఈ సంగతి కూడా ఒకసారి చెవిన వెయ్యండి.