పీకిన పళ్ళ లెక్కలో కనపడని నొప్పి

ఏ జబ్బుకైనా ఆస్పత్రుల్లో వైద్యం పొందేవారి సంఖ్య ఒక్క ఏడాదిలో సగానికి పైగా పడిపోతే ప్రభుత్వాలు దాన్ని విజయంగా చెప్పుకోవచ్చు. తగ్గింది జబ్బా, వైద్యమా అని అడగవలసిన బాధ్యత మాత్రం మనది. ఇంగ్లండులో పిల్లల పళ్ళు పీకిన లెక్కలు చూశాక ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో నాకు మరింత స్పష్టమైంది.

అక్కడ చిన్న పిల్లలకు పళ్ళు బాగా పుచ్చిపోతే ఆస్పత్రిలో చేర్చి, మత్తు ఇచ్చి తీస్తారు. 19 ఏళ్ళ వరకు ఉన్నవారికి పుచ్చు కారణంగా ఇలా పళ్ళు తీసిన సందర్భాలు 2020-21లో సుమారు 14,600. అంతకు ముందు ఏడాది కంటే ఇది సగానికి పైగా తక్కువ. 2021-22లో అవి 26,741కి, 2022-23లో 31,165కి పెరిగాయి.

పుచ్చు ఒక ఏడాది మాయమై మళ్ళీ వచ్చిందా? లేదు. కోవిడ్ వల్ల 2020 మార్చి 25న అక్కడి దంత వైద్యశాలల్లో మామూలు వైద్యం ఆపేశారు. జూన్ 8 నుంచి తెరవనిచ్చినా చాలాకాలం కొద్దిమందినే చూడగలిగారు. ఆస్పత్రుల్లో ముందే నిర్ణయించిన ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. పుచ్చిన పన్ను తనంతట తాను బాగుపడదు. తొలిదశలో చూస్తే సిమెంటు నింపి కాపాడవచ్చు. ఆలస్యమైతే చీము పడుతుంది, చాలాసార్లు పీకడమే మిగులుతుంది. లెక్కల్లోకి రాని ఆ నెలల్లో పిల్లలు నొప్పితోనే ఉన్నారు. వాళ్ళతో పాటు రాత్రుళ్ళు మేలుకున్నది ఎక్కువగా తల్లులే అని వేరే చెప్పాలా?

అయినా పిల్లల పళ్ళు పుచ్చితే మొదటి నింద తల్లి మీదే పడుతుంది, తీపి తినిపించిందని, పళ్ళు తోమించలేదని. కానీ 2022-23లో అత్యంత పేద ప్రాంతాల పిల్లలకు ఇలా పళ్ళు తీయడం సంపన్న ప్రాంతాల కంటే దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువ. పేద తల్లులందరూ అజాగ్రత్తపరులని దీనికి అర్థమా? 2018 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రభుత్వం చక్కెర ఎక్కువున్న శీతల పానీయాల కంపెనీల మీద సుంకం వేసింది. దాని తర్వాత, కోవిడ్‌కు ముందే, 18 ఏళ్ళ లోపు వారిలో పుచ్చు పళ్ళు తీయించుకోవడానికి ఆస్పత్రిలో చేరడం, సుంకం లేకపోతే ఉండగల స్థాయి కంటే 12 శాతం తగ్గిందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2023లో ప్రకటించారు. తల్లులకు ఎన్ని ఉపదేశాలు చేసినా రాని మార్పు కంపెనీలను కట్టడి చేస్తే వచ్చింది.

అక్కడ గర్భిణులకు, కాన్పయ్యాక 12 నెలల వరకు ప్రభుత్వ దంత వైద్యం ఉచితం. మంచి హక్కే. కానీ వైద్యశాల మూసి ఉన్న నెలల్లో గడువున్న హక్కు కాగితానికే పరిమితమవుతుంది.

మన దేశంలో లాక్‌డౌన్ మొదలైనదీ 2020 మార్చి 25నే. ఆ మే నెలలో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కంటైన్‌మెంట్ జోన్లలో దంత వైద్యశాలలు మూసి ఉంచాలి. రెడ్ జోన్లలో అత్యవసర చికిత్స మాత్రమే చేయాలి. అప్పుడు ఎన్ని పళ్ళు కాపాడగలిగేవి పోయాయో ఎవరు లెక్కపెట్టారు? మామూలు రోజుల్లోనే మన ఆడవాళ్ళు పంటి నొప్పిని లవంగంతో, ఉప్పునీళ్ళతో నెట్టుకొస్తారు. కూలి పోతుందనీ ఖర్చవుతుందనీ వాయిదా వేసి, చివరికి "పీకేయండి డాక్టరుగారూ" అంటారు. అది వాళ్ళ ఎంపిక కాదు, పేదరికం చేసిన నిర్ణయం.

అందుకే గ్రామాల్లో, బస్తీల్లో పనిచేస్తున్న కార్యకర్తలకు నా విజ్ఞప్తి. మీ ప్రాంతపు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి, పీకిన పళ్ళెన్ని, కాపాడిన పళ్ళెన్ని, అందులో స్త్రీలవెన్ని అని అడగండి. దంత వైద్యులు ఉన్నారా, సిమెంటు నింపే సామగ్రి ఉందా చూడండి. సంఘం సమావేశాల్లో పంటి నొప్పిని కూడా ఆరోగ్య హక్కుగా చర్చకు పెట్టండి. రేపు మరో మహమ్మారి వస్తే ముందుగా ఏ వైద్యం ఆపాలో నిర్ణయించే చోట మన గొంతు కూడా వినిపించాలి.