నల్ల పట్టీలను ఉండనివ్వండి

ఆదివారం మధ్యాహ్నం టీవీలో తెలుగు సినిమా వస్తోందంటే, మా కాలనీలో చాలా ఇళ్ళలో సినిమాకు ముందు ఒక చిన్న తగువు మొదలవుతుంది. పాత డబ్బా టీవీ తెరకు పైనా కిందా నల్ల పట్టీలు, మధ్యలో సన్నగా బొమ్మ. “సగం టీవీ ఖాళీగానే ఉంది, ఆ జూమ్ నొక్కరా” అంటారు తాతయ్య. నొక్కగానే తెర నిండిపోతుంది, అందరూ తృప్తిగా సర్దుకుని కూర్చుంటారు. కాని ఆ బటన్ నొక్కకూడదని, నల్ల పట్టీలను అలాగే ఉండనివ్వాలని మా అభిప్రాయం.

కొత్త టీవీ కొంటే సరిపోతుంది కదా అనేవాళ్ళకు బదిలీల సంగతి తెలియదు. మన ఇళ్ళలో పెద్ద వస్తువు ఏదైనా “వచ్చే ఊళ్ళో కొందాం” అనే మాట దగ్గర ఆగిపోతుంది. దుప్పట్లలో చుట్టుకుని, లారీల్లో ఊళ్ళు తిరిగి కిరండూల్ చేరిన పాత టీవీ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. పైగా ఇక్కడ బడిలో హిందీ, ఇంగ్లీషు. బజారులో హిందీ. మన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇంటి బయటి తెలుగు వినిపించేది, తెలుగు ఊళ్ళు కనిపించేది చాలావరకు సినిమాలోనే. అలాంటి సినిమాను రెండు వైపులా కోసి చూపించడం న్యాయం కాదు.

అసలు ఈ పట్టీలు ఎందుకు వస్తాయి? పాత టీవీ తెర వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు పాళ్ళు. పాతకాలపు సినిమా బొమ్మ కూడా దాదాపు ఆ ఆకారంలోనే ఉండేది. అమెరికాలో టీవీ ఇంటింటికీ వచ్చాక, జనాన్ని మళ్ళీ హాలుకు రప్పించడానికి సినిమావాళ్ళు తెరను వెడల్పు చేశారు. 1953లో ‘ది రోబ్’ చిత్రంతో సినిమాస్కోప్ వచ్చింది. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన కృష్ణగారి ‘అల్లూరి సీతారామరాజు’. మనం విశాఖ వెళ్ళేటప్పుడు అరకు దగ్గర రైలు కిటికీలోంచి చూసే తూర్పు కనుమల్లోనే, చింతపల్లి ప్రాంతంలో, ఆ సినిమా తీశారు. కొండల వరుసను చూపించాలంటే వెడల్పే కావాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. స్కోప్ బొమ్మ వెడల్పు దాని ఎత్తుకు 2.35 రెట్లు. 21 అంగుళాల పాత టీవీ తెర సుమారు 17 అంగుళాల వెడల్పు ఉంటుంది. అంటే పూర్తి బొమ్మ ఎత్తు ఏడంగుళాల చిల్లర మాత్రమే. దాన్ని తెర నిండేదాకా జూమ్ చేస్తే బొమ్మ 1.76 రెట్లు పెద్దదవుతుంది, కాని వెడల్పులో నూటికి 43 వంతులు తెర బయటికి పోతాయి. ఇద్దరు చెరో చివర నిలబడి మాట్లాడుకుంటుంటే మనకు మధ్యలో గోడ కనిపిస్తుంది. కోయకుండా నిలువుగా సాగదీసేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు హీరో ముఖం సొరకాయలా తయారవుతుంది.

“మరి నాకు ముఖాలు ఆనడం లేదే” అనే అమ్మమ్మ మాట మాత్రం కొట్టిపారేయలేం. దానికి మా జవాబు కుర్చీ. పది అడుగుల దూరంలో ఉన్న కుర్చీని ఆరడుగుల లోపుకు జరిపితే, బొమ్మ కంటికి దాదాపు జూమ్ చేసినంత పెద్దదిగా కనిపిస్తుంది. ఒక్క అంగుళం కూడా పోదు.

ఇంకా ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి. మొదట టీవీ ఆపి, పొడి నూలు గుడ్డతో తెర తుడవండి. బైలాడిలా ఎర్ర దుమ్మును టీవీ అద్దం ఇట్టే లాక్కుంటుంది. నల్ల చార్టు కాగితం రెండు పట్టీలుగా కత్తిరించి, తెర చుట్టూ ఉన్న చట్రానికి పైనా కిందా అంటించండి. పాత టీవీలో నలుపు నిజంగా నలుపు కాదు, బూడిద రంగులో మెరుస్తుంది. చార్టు దాన్ని కప్పేస్తే చూపు బొమ్మ మీదే నిలుస్తుంది. వార్తల వేళకు తీసేయడానికి వీలుగా అంటించాలి. వేడి బయటికి పోయే కన్నాలను మాత్రం మూయకూడదు. తెరకు ఎదురుగా ఉన్న ట్యూబ్‌లైటు ఆపి, టీవీ వెనక గోడవైపు ఒక జీరో బల్బు వెలిగించండి. కళ్ళకు హాయి. డీవీడీలో ముఖాలు పొడుగ్గా కనిపిస్తే తప్పు డిస్కుది కాకపోవచ్చు. ప్లేయర్ సెట్టింగులో 16:9 ఉంటే 4:3 లెటర్‌బాక్స్‌కు మార్చి చూడండి.

చేయకూడని పని ఒకటే. టీవీ వెనక మూత విప్పి లోపల బొమ్మ ఎత్తు తగ్గించవచ్చని చెప్పే అన్నయ్యలు ఉంటారు. పిక్చర్ ట్యూబ్ దగ్గర 20,000 వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు తీసేశాక కూడా అది కొంతసేపు నిలిచే ఉంటుంది. మూత జోలికి వెళ్ళవద్దు.

రేపు మన ఇళ్ళకూ వెడల్పు టీవీ వస్తుంది. అప్పుడు 1957 నాటి ‘మాయాబజార్’ పెడితే పట్టీలు ఈసారి పక్కలకు వస్తాయి. “తెర నింపరా” అని ఎవరో ఒకరు అనకపోరు. నింపితే ఘటోత్కచుడు ఉన్నదానికంటే లావవుతాడు, శశిరేఖా లావవుతుంది. తీసినవాళ్ళు ఎంత చూపించారో అంతా, ఎలా చూపించారో అలాగే చూడాలన్న మాట ఏ టీవీకైనా ఒకటే.

ఈ ఆదివారం జూమ్ నొక్కకుండా ఒక్క సినిమా చూడండి. ముందుగా తాతయ్య కుర్చీని దగ్గరికి జరపండి.