కుంచం కింద దీపం

దీపాన్ని పొగడని మతం లేదు. సందెవేళ దీపం పెట్టి చేతులు జోడించేవారు కొందరు. క్రిస్మస్‌కి ఇంటిముందు నక్షత్రం కట్టి అందులో దీపం వెలిగించేవారు కొందరు. అయితే దీపానికి దండం పెట్టడం సులువు. తానే దీపం కావడం కష్టం. కొండమీద ప్రసంగంలో ఏసుక్రీస్తు శిష్యులకి అప్పజెప్పింది ఆ కష్టమైన పనే. లోకానికి వెలుగు మీరేనన్నాడు. వెలిగించిన దీపాన్ని ఎవరైనా కుంచం కింద దాస్తారా అని అడిగాడు.

తెలుగు బైబిల్లో ఈ ‘కుంచం’ అన్న మాట నాకెంతో ఇష్టం. మూలంలో ఉన్నదీ ధాన్యం కొలిచే పాత్రే. ఆ వెలుగు జనానికెలా తెలియాలో కూడా ఆయనే చెప్పాడు: మీరు చేసే మంచిపనుల వల్ల అని. సాక్ష్యమంటే చేత్తో చెప్పేదన్నమాట!

మెదక్ చర్చి చూసినప్పుడు నాకీ మాటే మనసులో మెదిలింది. 175 అడుగుల ఎత్తు గోపురం. లోపల రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం. పగటిపూట బయటినుంచి చూస్తే ఆ అద్దాలు మసిబారిన పలకల్లా ఉంటాయి. లోపలికి వెళ్ళి చూడండి, ఎండ వాటిలోంచి రంగురంగులుగా దిగుతుంది. పొద్దువాలితే బొమ్మలు మాయం.

కాని అక్కడి అసలు వెలుగు అద్దాల్లో లేదంటాను నేను. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఆ చుట్టుపట్ల కరువు వచ్చింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఆకలిగొన్నవారికి చర్చి కట్టే పని చూపించి, తిండి పెట్టాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చి గోడలు అలా లేచినవే. చెయ్యి చాచామన్న చిన్నతనం లేకుండా ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది. అక్కడ కుంచం దీపాన్ని కప్పలేదు, తనే దీపమైంది.

“మతంలో కలుపుకోవడానికే కదా!” అనేవారు లేకపోలేదు. ఎవరి మనసులో ఏముందో తూచే త్రాసు నా దగ్గర లేదు. పస్తున్న పిల్లవాడికి మాత్రం ఆ పూట అన్నమే వెలుగు.

ఇప్పుడు కుంచాలు అటకెక్కాయి. దీపాన్ని కప్పే అలవాటు ఇంకా అటకెక్కలేదు. ఏ మతం వారమైనా, మన దీపం వెలుగుతోందో లేదో మనం చెప్పుకుంటే చాలదు. పక్కింటివారు చెప్పాలి.